పానా తాకని చక్రం

మొన్న బరంపురం గోసాని నువాగాంలో నా స్కూటరు టైరుకు అతుకు వేయించుకుంటుంటే, పక్క షెడ్డులో ఎవరో ఇనుప చక్రాన్ని పానాతో కొట్టారు. వేడి రబ్బరు వాసన మధ్య ఆ మోత ఖంగున వినిపించింది. కూర్చున్న బల్ల మీంచి లేచి నిలబడ్డాను. ఆ మోత ఎక్కడ విన్నా నాకు ఒకే మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆ రోజు మద్రాసు నుంచి మా పత్రిక ఆఫీసుకు ఫోనొచ్చింది. కార్ల పందెంలో బరంపురం వాడు, మా ప్రకాశం, చనిపోయాడు. ఆ కబురు చెప్పడానికి అతని మేనమామ కామేశం గారి టైర్ల దుకాణానికి నేనే నడిచి వెళ్ళాను. ఆయన గల్లాబల్ల అంచు పట్టుకున్నారు. అడిగింది ఒక్కటే.

“టైరు పేలిందా, సక్రం ఇరిగిందా?”

“టైరు పేలిందంటున్నారండి.”

“ఎవులు సూసారు?”

ఫోన్లో ఆ సంగతి నేను అడగలేదు. అయినా ఆఫీసుకు తిరిగి వచ్చి, టైరు పేలి దుర్మరణం అని వార్త రాసి పంపేశాను.

కామేశం గారివాళ్ళు తరాల కిందటే బరంపురంలో స్థిరపడిన తెలుగు వర్తకులు. ఆయన లారీ టైర్లు అమ్మేవారు. అక్కా బావా పోయాక ప్రకాశాన్ని పెంచింది ఆయనే. ముప్పై ఏళ్ళకు ప్రకాశం, ఇరవై అయిదు మైళ్ళ అవతలి అస్కాలో ఒక చెరకు రైతు పాకలో పడి ఉన్న పాత ఇంగ్లీషు కారును తెచ్చి, సొంత చేతులతో బాగుచేసి, పందేలకు తయారుచేశాడు. దాని మీద చిన్న వార్త రాద్దామని వెళ్ళిన నేను, ఆ దుకాణానికి అలవాటు పడిపోయాను. వాళ్ళిద్దరి వాదన వినడమే ఒక కాలక్షేపం.

“మావా, ఎడల్పు టైర్లు ఎయ్యి. మద్రాసోళ్ళు మలుపులో రోడ్డుకి అంటుకుపోతన్నారు.”

“అంటుకుపోతే ఆ బరువు ఎవులు మోస్తారురా? టైరు జారితే బండికి సుఖం. జారకుండా పట్టుకుంటే ఆ లాగుడంతా సక్రం మీద పడతాది. నీ సక్రాలు మా నాన్న వయసువి.”

“తాత పోయేదాకా అస్కా నడిచెల్లి వచ్చీవోడు కదా మావా!”

కామేశం గారికి నవ్వొచ్చింది. నవ్వితే ఆయన ఓడిపోయినట్టే. మరీ వెడల్పువి కాకుండా మధ్యరకం ఒప్పుకున్నారు. ఒక్కొక్క టైరు మీద బొటనవేలి గోరు నొక్కి, ఒకే మెత్తదనం ఉన్న నాలుగింటిని ఏరారు. వాటికి సరిపడేలా పాత చక్రాలకే ఇనుప పట్టీ అతికించి వెడల్పు చేయించారు. ఒకటే షరతు పెట్టారు. ప్రతి పందేనికీ ముందు నాలుగు చక్రాలూ విప్పి, పానాతో కొట్టి ఆయన వినాలి. కుండ కొనేవాళ్ళు కొట్టి చూస్తారే, అలాగ. పగులుంటే మోత మొద్దుబారుతుంది.

ఊరి బయట రంగైలుండా విమానాల మైదానంలో ప్రకాశం కారు తిప్పుతుంటే నేనూ వెళ్ళేవాణ్ణి. కారు ఆగగానే కామేశం గారు టైరు మీద అరచెయ్యి మూడు చోట్ల పెట్టేవారు: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. అంచులు కాలుతూ మధ్య చల్లగా ఉంటే గాలి చాలలేదన్నమాట. ఒకసారి నేను మధ్యలో మాత్రం ముట్టుకుని, “బాగానే ఉందండి” అన్నాను.

“ఒక్క సోటే సెయ్యి పెడితే అబద్దం సెప్తాది పేపరు బాబూ,” అన్నారు. “మీ వార్తలూ ఇలాగే రాస్తారేటి?”

ప్రకాశం నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకున్నాడు. నేనూ నవ్వాను.

మద్రాసు పందేనికి కారును తీసుకెళ్ళే లారీ సరిగ్గా విశ్వకర్మ పూజ నాడు కుదిరింది. ముందురోజు సాయంత్రం కామేశం గారు పానా తీసుకుని వచ్చేసరికి, ప్రకాశం పూజ కోసమని చక్రాలకు వెండి రంగు వేసేశాడు. రంగు తడిగా ఉంది. తడి మీద కొడితే రంగూ పోతుంది, మోతా తెలియదు. మర్నాటికి రంగు ఆరింది. కానీ పానాలన్నీ కడిగి, కుంకుమ పెట్టి, దేవుడి ముందు పేర్చి ఉన్నాయి. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. బరంపురంలో ఏ షెడ్డులోనూ ముట్టరు. బంతిపూల దండలు వేసుకుని కారు లారీ ఎక్కుతుంటే, కామేశం గారు రెండుసార్లు దేవుడి వైపు వెళ్ళి వెనక్కి రావడం నేను చూశాను.

“దేవుడి కాడ పెట్టింది తియ్యకు మావా,” అన్నాడు ప్రకాశం. “అక్కడికెల్లాక నానే కొట్టి ఇంటాను కదా!”

“నాలుగూ ఇను. మరిసిపోకు.”

నా వార్త అచ్చయిన రోజు కామేశం గారు పత్రిక మడిచి నాకే ఇచ్చారు. “ఒక్క సోటే సెయ్యి పెట్టావు బాబూ” అన్నారు. కోపం లేదు ఆ మాటలో. అందుకే తలెత్తలేకపోయాను. పందెం చూసిన మద్రాసు విలేకరి ఒకాయనకు ఉత్తరం రాశాను. పదిరోజులకు జవాబు వచ్చింది. మలుపులో వెనక చక్రం నడుమ చీలి ఊడిపోయిందట. బయటి ఇనుప కట్టుతో సహా టైరు దొర్లుకుంటూ గడ్డిలోకి పోయి పడిందట. అందులో గాలి ఇంకా నిండుగానే ఉందట.

ఆ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఆయన ఏరిన టైరు తప్పు కాదని తెలిస్తే కొంత ఊరట అనుకున్నాను. ఎంత తెలివితక్కువ వాణ్ణో!

“మిగతా రెండు సోట్లా సెయ్యి పెట్టొచ్చావు,” అన్నారు మెల్లగా. తర్వాత అడిగారు: “ఇరిగిన కాడ తుప్పుందా, మెరుపుందా?”

తుప్పు ఉంటే అది పాత పగులు. పూజనాడు పానా తీసి ఉంటే ఆయన చెవికి దొరికేది. మెరుపు ఉంటే ఆ క్షణాన విరిగింది, ఎవరికీ వినిపించేది కాదు. ఉత్తరంలో ఆ సంగతి లేదు. మళ్ళీ రాశాను. చక్రాన్ని పాత ఇనుము వాళ్ళు పట్టుకుపోయారని జవాబు వచ్చింది.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్ళు బతికారు. విశ్వకర్మ పూజ నాడు దుకాణం తెరిచేవారు కాదు. నేను వృత్తి మానేసేదాకా, ఒక్కరి మాట మీద ఏ వార్తా పంపలేదు. ప్రకాశం అక్కడ చక్రాలు కొట్టి విన్నాడో లేదో చూసినవాళ్ళు ఎవరూ దొరకలేదు. మద్రాసు నుంచి తిరిగొచ్చిన ఆ కారు మిగతా మూడు చక్రాలూ దుకాణం వెనక గదిలో ఇప్పటికీ ఉన్నాయి. మూడూ కొట్టి చూశాను. ఖంగుమంటున్నాయి. నాలుగోది బరంపురం తిరిగి రాలేదు.