బంగళాకి తగిలిన ఇంగ్లీషు మాట

యర్రగొండపాలెం దాటి అడవిలోకి రెండు మైళ్ళు నడిస్తే ఒక బంగళా ఉండేది. దానికి పాపయ్య కాపలాదారు. అది దొరల కాలం. అడవి తనిఖీకి వచ్చిన అధికారులు అందులో దిగి, పోయేముందు బల్ల మీది పెద్ద పుస్తకంలో నాలుగు ముక్కలు రాసిపోయేవాళ్ళు. పాపయ్యకి అక్షరం ముక్క రాదు గానీ ఆ పుస్తకమంటే ప్రాణం. పంతొమ్మిదేళ్ళుగా తను తుడిచిన గచ్చు, తోడిన నీళ్ళు, తోమిన ఇత్తడి చెంబులు, అన్నిటికీ మెప్పు అందులోనే ఉందని అతని నమ్మకం. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించేవాడు. ఎద్దులు తోలుకుపోతూ మంచినీళ్ళకి ఆగిన మీరావలి దాన్ని తలకిందులుగా పట్టుకుని, "శానా బాగా రాసినారు మామా" అన్నాడు. పాపయ్యకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేకపోయింది.

అయితే ఆ ఏడు బంగళాలో ఒక్క దొరా దిగలేదు. పైనుంచి తాఖీదు మాత్రం దిగింది. ఎవరూ రాని బంగళాకి కాపలా దండుగ కాబట్టి మూసేయాలనుకుంటున్నామనీ, ఒక అధికారి వచ్చి చూసి ఏదో ఒకటి తేలుస్తాడనీ దాని సారాంశం. బంగళా వెనకాల పెంకుటిల్లే పాపయ్య కాపురం. ఊళ్ళో గుంటెడు నేల లేదు. ఈ వయసులో భార్య సుబ్బులమ్మని వెంటబెట్టుకుని ఎవరి పంచన చేరాలి?

దొరలు ఎందుకు రావడం లేదో పుస్తకమే చెబుతుందని, దాన్ని తువ్వాల్లో చుట్టుకుని పాలెంలో కరుణాకరం అయ్యవారి దగ్గరికి పోయాడు. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయనొక్కడే. ఆఖరున దిగిన దొర రాతని ఆయన చదివి గొంతు సవరించుకున్నాడు.

"గిద్దలూరు దిక్కున ఒక బంగళా ఉండాది గదా. దానికంటే ఇది ఈరియర్ అని రాసినాడు."

"మనదే పైన పెట్టినాడన్నమాట!" పాపయ్య మొహం వెలిగింది.

"పైనే పెట్టినాడు గానీ, దేంట్లో పెట్టినాడో విను. ఈరీ అంటే ఒక రకం గుబులు. పులి ఎదురైతే పుట్టే భయం గాదు. ఏమీ కనపడదు, ఏమీ వినపడదు. అయినా వీపెనక ఎవరో నిలబడినట్టు ఒళ్ళు జలదరిస్తుందే, అది. రెండు చోట్లని పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఆ గుబులు ఎక్కువని చెప్పాలంటే ఈరియర్ అంటారు."

"అయితే గిద్దలూరు దానిగ్గూడా ఆ రోగం ఉన్నట్టే గదా?"

"ఉన్నట్టే. మనదానికి ముదిరింది."

పాపయ్యకి ఒళ్ళు మండిపోయింది. "నా బంగళాలో గుబులేంది అయ్యవారూ? గచ్చు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు!" అని లేచి వచ్చేశాడు.

సుబ్బులమ్మ అంతా విని ఒక్క మాటలో తేల్చేసింది. "దిష్టి. దారిన పోయేవాళ్ళందరికీ చూపిస్తివి, తగలక ఏమైతాది?"

దిష్టి అయితే ఇంకేం, దాని మందు ఇంట్లోనే ఉంది. గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టి, దానికి కోరలు గీశారు. కిటికీలకి ఎండుమిరపకాయలు, పాత చెప్పులు వేలాడదీశారు. మెట్ల పక్కన నిలువెత్తు గడ్డిబొమ్మని నిలబెట్టారు. మసికుండ తల, సున్నపు కళ్ళు, గొర్రెబొచ్చు మీసం, ఎర్రగుడ్డ నాలుక. ఒంటికి ఎప్పుడో ఒక దొర మరిచిపోయిన కాకీ కోటు తొడిగారు.

"ఇప్పుడు చూడు, ఎంత ధైర్యంగా ఉండాదో" అన్నాడు పాపయ్య చేతులు దులుపుకుంటూ. అబద్ధం కాదు, వాళ్ళిద్దరికీ నిజంగానే ధైర్యంగా ఉంది. అలాంటి బొమ్మ కాపలా ఉన్న ఇంటిమీద ఏ పాడుచూపూ వాలదని తాతముత్తాతల నుంచీ వింటున్నారు. దొరకి తాతముత్తాతలు వేరన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

వారం తిరక్కుండానే దొర వచ్చాడు. బొమ్మని చూసి గుర్రం మొరాయించింది. ఎంత అదిలించినా అడుగు పడకపోతే దొర దిగి నడిచాడు. కోటు తొడుక్కున్న ఆ ఆకారం ముందు చాలాసేపు నిలబడి, తను నేర్చుకున్న పుస్తకాల తెలుగులో అడిగాడు.

"ఇతడు ఎవడు?"

"దిష్టిబొమ్మ దొరా. భయం పోవడానికి పెట్టినాము."

"ఎవరి భయము?"

"తమదే దొరా."

దొర గుమ్మడికాయ కింద తల వంచుకుని లోపలికి పోయి, ఆ పూట అక్కడే ఉండిపోయాడు. పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ అడిగాడు.

"ఇచ్చట నివసించుటకు నీవు భయపడవా?"

పాపయ్యకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "భయమేంది దొరా? నేనుండాను గదా."

దొర పుస్తకం తెప్పించుకుని రాసి వెళ్ళిపోయాడు. గుర్రపు డెక్కల దుమ్ము అణగకముందే పాపయ్య పుస్తకంతో పాలెం దారి పట్టాడు.

అయ్యవారు చదివి నిట్టూర్చాడు. "ఈరియర్ ఇందులోనూ ఉండాది పాపయ్యా."

పాపయ్య అరుగు మీద కూలబడ్డాడు. అయిపోయింది అనుకున్నాడు. పెంకుటిల్లు, సుబ్బులమ్మ పెంచుకున్న బీరపాదు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"ఉండవయ్యా, పూర్తిగా విను" అని అయ్యవారు ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పాడు. "'కిందటి అధికారి రాసినదానికంటే కూడా ఇది ఈరియర్. అయినా ఎన్నాళ్ళకో నేను ఇక్కడ హాయిగా నిద్రపోయాను. ఎందుకంటే గుమ్మానికి అడ్డంగా ఈ మనిషి పడుకుని ఉన్నాడు. ఇతను ఉన్నంతకాలం ఈ బంగళా మూయకూడదు.'"

"ఈ మనిషంటే ఎవరు అయ్యవారూ?"

"నువ్వేనయ్యా."

పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలోకి పాపయ్య ఎక్కడం అదే మొదటిసారి. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, అయ్యవారి అరుగు మీదే చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.