రాళ్ళు ఉతికిన మనిషి

"...అయినా ఇంట్లో ఇన్ని ఉండగా నా బకెట్టే దొరికిందా మీకు?"

"షాపు బకెట్లన్నీ సబ్బు పీల్చుకున్నవే. చేపలకి పనికిరావు."

"ఓహో, మనుషులు ఎలా పోయినా ఫరవాలేదన్నమాట!"

భార్య దులిపేస్తున్నా మరకల మామయ్య ఉప్పు కలపడం ఆపలేదు. వీధి చివర లాండ్రీ ఆయనది. సిరా, నూనె, తుప్పు, ఏ మరకైనా సరే, ఆయన చేతిలో పడితే ఆనవాలు మిగలదు. అందుకే ఆ పేరు; అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్ళూ సబ్బునీళ్ళతో కాపురం చేసిన మనిషికి ఇప్పుడు ఉప్పునీళ్ళ మీద మనసు పడింది. పళ్ళ డాక్టరు గదిలో, అద్దాల తొట్టిలో, నారింజరంగు సముద్రపు చేపల జంటను చూస్తూ పన్నునొప్పి సంగతే మరిచిపోయాడట.

ఇంట్లో పెట్టబోయే తొట్టికి బల్ల తనే కట్టుకున్నాడు. నేల కాస్త వాలుగా ఉందని ఒక కాలి కింద రేకుముక్క దోపి, రసమట్టంలో బుడగ నడిమధ్యన నిలిచేదాకా వదల్లేదు. తొట్టి, మోటారు, నీళ్ళు వెచ్చబెట్టే గొట్టం అన్నీ కుదిరాయి. ఆ ఊపులో, వచ్చే నెల మొదటి ఆదివారం చేపలు చూడ్డానికి రమ్మని అత్తవారి వైపు బలగాన్నంతా పిలిచేశాడు.

చిక్కల్లా రాళ్ళ దగ్గర వచ్చింది. చేపల షాపామె ఇచ్చిన సముద్రపు రాళ్ళు మట్టిరంగులో, జిగటజిగటగా ఉన్నాయి. మామయ్యకు ప్రాణం ఒప్పలేదు. వేడినీళ్ళలో నానబెట్టి, కాలర్లు తోమే బ్రష్షుతో తోమి, ఎండబెట్టి, కొత్త చొక్కాల్లా మెరిపించి మరీ తొట్టిలో దించాడు. రెండు మూడు రోజులకే నీళ్ళు పాలవిరుగుడులా మారి గదంతా కంపుకొట్టింది.

"ఉతికారా!" షాపామె నవ్వాపుకోలేకపోయింది. "ఆ జిగటలోనే ఉంటాయండీ కంటికి కనబడని ప్రాణులు. చేపలు వదిలే విషాన్ని తినేవి అవే. మీ వేడినీళ్ళకి చచ్చి కుళ్ళాయి. మీకు నేను అమ్మిందే ఆ మురికిని!"

మామయ్య మళ్ళీ రాళ్ళు తెచ్చుకున్నాడు, నీళ్ళు మార్చాడు. నీళ్ళు కుదుటపడకుండా చేపల్ని దించితే తెల్లారేసరికి తేలిపోతాయని ఆమె మరీమరీ చెప్పింది. ఇక మిగిలిన పని చేతులు కట్టుకు కూర్చోవడమే. గాజు మీద గోధుమరంగు పొర పట్టింది; దాన్నీ తుడవొద్దంది షాపామె. భుజం మీది తువ్వాలు అటు సాగితే చాలు, వంటగదిలోంచి కేక వినిపించేది: "చెయ్యి తియ్యండి!" మామయ్య ఉలిక్కిపడి అదే తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు.

ఆదివారం రేపనగా, చేపలు తేవడానికి తోడుగా బావమరిది స్కూటరేసుకుని వచ్చాడు. బయల్దేరే ముందు మామయ్య తొట్టి నీళ్ళు చిన్న సీసాలో పట్టి, షాపామె ఇచ్చిన మందు చుక్కలు వేశాడు. పసుపురంగు వస్తే చేపలు బతుకుతాయి. ఆకుపచ్చ కలిసిందంటే విషం ఇంకా ఉన్నట్టే.

"పసుపే. పద బావా."

మామయ్య సీసాను కిటికీ దగ్గర తెల్లగుడ్డ ముందు పట్టుకున్నాడు. "అంచున పచ్చజాడ ఉందిరా."

"నీ కళ్ళకి అన్నీ మరకలే! చంద్రుణ్ణి చేతికిస్తే ఆయన్నీ ఉతికేసేలా ఉన్నావు. అక్కా, నువ్వైనా చెప్పవే."

భార్య వచ్చి వంగి చూసింది. "నాకూ పసుపే అనిపిస్తోంది. కానీ చొక్కా మీద ఇంత మరక మిగిలితే మీరు తిరిగి ఇచ్చేస్తారా?"

"ఇవ్వను."

"బావా, రేపు పిన్నివాళ్ళు పిల్లాజెల్లాతో దిగుతున్నారు. ఖాళీ తొట్టి చూపిస్తే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుతారు!"

మామయ్య సీసా కడిగి బోర్లించాడు.

"రేపు వాళ్ళకి రాళ్ళు చూపిస్తాను," అన్నాడు. "చేపలు వచ్చే వారం."