అంకుల్ వెళ్ళిపోలేదు

పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం మా అమ్మాయి యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడి వచ్చి, బురద బూట్లు గుమ్మం బయట వదిలి, ఫ్రిజ్‌కి ఆనుకుని నీళ్ళు తాగుతూ, వస్తానని చెప్పి ఆఖరి నిమిషంలో మొహం చాటేసిన తమ గోల్‌కీపర్ మీద విసుక్కుంది. "షి డిడ్ యాన్ అంకుల్ ఆన్ అస్, డాడ్," అంది. అంటే ఏమిటని అడిగాను. క్లబ్బులో ఎప్పటినుంచో ఉన్న మాటేనట. చాలా ఏళ్ళ కిందట ఫిజీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కోచ్‌గా ఉండేవారట, అందరూ ఆయన్ని అంకుల్ అనేవారట, జట్టు పై డివిజన్‌కి ఎక్కగానే భయపడి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారట. అప్పటినుంచీ అవసరానికి జారుకునేవాళ్ళని అలా అంటారట. నేను చదివిందీ ఆ యూనివర్సిటీలోనే కాబట్టి, "యు మస్ట్ నో హిమ్," అని నవ్వి స్నానానికి వెళ్ళిపోయింది. తరుగుతున్న ఉల్లిపాయని అలాగే వదిలేసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆయన నాకు తెలుసు. ఆయన వెళ్ళిపోలేదని కూడా తెలుసు. ఆ రోజుల్లో సిడ్నీ పడమటి శివార్లలో చదువుకుని, ఆయన గురించి అలాంటి మాటే విని ఉన్న నా వయసువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఈ దేశంలో ఫుట్‌బాల్ అనగానే చాలామందికి కోడిగుడ్డు ఆకారపు బంతి గుర్తొస్తుంది. మా క్లబ్బుది గుండ్రటి బంతి ఆట. నేను మాస్టర్స్ చదవడానికి వచ్చేనాటికి నాకు ఆ బంతిని తిన్నగా తన్నడం కూడా రాదు, బందరులో నేను ఆడిందంతా క్రికెట్టే. చేరిన మొదటి వారంలో క్లబ్బులవాళ్ళందరూ బల్లలు వేసుకుని కూర్చుంటే, బార్బీ అని ఇక్కడ పిలిచే బార్బెక్యూ పొయ్యి మీద వేగుతున్న ఉల్లిపాయల వాసనకి ఒక బల్ల దగ్గర ఆగి, ఊరికే పెట్టిన రొట్టె తిని, తిన్న మొహమాటానికి పేరిచ్చాను. ఆటకి పనికిరానని రెండు వారాల్లోనే తేలిపోయింది కాబట్టి మైదానాలు బుక్ చేయడం, జెర్సీలు ఉతికించడం, అందరికీ కబురు చేయడం లాంటి పనులన్నీ నాకు అప్పగించి కార్యదర్శి అన్నారు.

అంకుల్ పూర్వీకులు చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. అక్కడి మనవాళ్ళకి ప్రాణమంతా ఫుట్‌బాలేనట. ఆయన కూడా కుర్రతనంలో వాళ్ళ జిల్లా జట్టుకి ఆడారు. అక్కడ తిరుగుబాటు జరిగాక కుటుంబంతో ఇక్కడికొచ్చి, పెండిల్ హిల్‌లో ఇల్లు తీసుకుని, పగలు బస్సు నడుపుతూ సాయంత్రాలు మాకు ఆట నేర్పేవారు. ఆయన తెలుగంతా వాళ్ళ అమ్మమ్మ దగ్గర విన్న నాలుగు మాటలే, మిగతాది హిందీ, ఇంగ్లీషు. ఆ నాలుగింటిలో ఒకటి "మెల్లగా". మావాళ్ళు బంతి దొరకగానే కంగారుపడి ముందుకి తన్నేస్తుంటే గీత పక్కన నిలబడి "మెల్లగా, బాబూ, మెల్లగా" అని అరిచేవారు. కొన్నాళ్ళకి మా జట్టులోని గ్రీకు కుర్రాళ్ళూ, లెబనాన్ కుర్రాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు "మెల్లగా" అని హెచ్చరించుకుంటూ ఆడుతుంటే, ఎదుటి జట్టువాళ్ళు అదేదో రహస్య సంకేతమనుకుని బెదిరేవారు. రాత్రి పెట్రోలు బంకుల్లోనూ, హోటళ్ళలోనూ పనిచేసి వచ్చే మాలాంటివాళ్ళని ప్రాక్టీసు మొదలవ్వకముందే వరసగా నిలబెట్టి, తిన్నావా అని ఒక్కొక్కరినీ అడిగి, తినలేదన్నవాడిని తన వ్యాన్ దగ్గరికి పంపేవారు. అందులో ఆంటీ కట్టి పంపిన రోటీలు ఎప్పుడూ ఉండేవి.

అలాంటి జట్టు, ఎన్నో ఏళ్ళుగా అడుగునే ఉన్న జట్టు, ఆయన చేతుల మీదుగా గెలిచి పై డివిజన్‌కి ఎక్కింది. ఆఖరి మ్యాచ్ అయ్యాక మా కెప్టెన్, తండ్రి లేని వియత్నామీ కుర్రాడు, ఆయన భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాతి వారమే కమిటీ సమావేశం పెట్టాం. పైన ఆడాలంటే కొత్త పద్ధతులు తెలిసిన, శిక్షణ సర్టిఫికెట్లున్న కోచ్ కావాలన్నాడు మా ప్రెసిడెంటు. "లవ్లీ బ్లోక్, మేట్, బట్ హి డ్రైవ్స్ ఎ బస్," అన్నాడు, మనిషి మంచివాడే కానీ బస్సు డ్రైవరు కదా అని. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు, పైగా చెయ్యెత్తాను. మనసులో ఎక్కడో నాకూ ఆయన ఆ స్థాయికి చాలరనే అనిపించింది. ఆ మాట ఆయనకెవరు చెప్పాలన్న ప్రశ్న వచ్చేసరికి అందరి చూపూ నా మీద పడింది. మీ భాషలో నువ్వు చెబితే ఆయనకి బాధ తగ్గుతుంది అన్నారు. ఆయనకి వచ్చిన తెలుగెంతో వాళ్ళకి తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేద్దామని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. కానీ ఆంటీ అప్పటికే కంచం పెట్టేసింది. కొబ్బరిపాలు పోసి వండిన చేపల కూర, చేమాకు వేపుడు, అన్నం. అంకుల్ నా ఎదురుగా కూర్చుని బల్లమీద ఉప్పు సీసా, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు పరిచి రాబోయే ఏడాది జట్టు ఎలా నిలబడాలో చూపించడం మొదలుపెట్టారు.

"లుక్, బాబూ. దిస్ ఉప్పు, అవర్ కెప్టెన్. అప్ దేర్ దే కమ్ ఫాస్ట్. సో వి గో మెల్లగా."

"మరి ఆ మిరపకాయ ఎవరంకుల్?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అది నువ్వే," అన్నారు హిందీలోకి మారి.

"నేను ఆడను కదా."

"అందుకే ప్లేట్ పక్కన పెట్టాను," అని పకపకా నవ్వారు. వంటింట్లోంచి ఆంటీ, "పిల్లాడిని తిననివ్వండి, జీ," అని హిందీలో కసిరింది.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఎదురుగా చెప్పరు. ఎవరో మూడో మనిషి చేత చెప్పిస్తారు. మా నాన్న బదిలీ సంగతి కూడా తాతయ్యకి ఎదురింటాయనే చెప్పారు. ఆ పద్ధతిలో పెరిగినవాడిని, ఇక్కడ ఆ మూడో మనిషిని నేనే. నా తర్వాత పంపడానికి ఇంకెవరూ లేరు. ఆయనింటి అన్నం తింటూ ఆయన్నే తీసేశామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెయ్యి కడుక్కున్నాక చెబుదామనుకున్నాను, అప్పుడూ చెప్పలేదు. ఆయన గేటు దాకా వచ్చి, సెలవులయ్యాక మొదటి ప్రాక్టీసు నాడు కలుద్దామంటే, "సరే అంకుల్," అని వచ్చేశాను.

కమిటీకి మాత్రం చెప్పేశానన్నాను. ఆయనకే అలసటగా ఉందట, విశ్రాంతి తీసుకుంటారట, మనసులో ఏమీ పెట్టుకోలేదని కూడా కలిపాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంకుల్ తనంతట తానే తప్పుకున్నారని ప్రెసిడెంటు ఆటగాళ్ళకి ప్రకటించాడు. ఈలోగా ఏదో విధంగా ఆయనకి తెలిసిపోతుందనీ, నేను చెప్పక్కర్లేకుండానే గడిచిపోతుందనీ ఆశపడ్డాను. ఎలా తెలుస్తుందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

మొదటి ప్రాక్టీసు నాడు కొత్త కోచ్ కుర్రాళ్ళని పరుగెత్తిస్తుండగా అంకుల్ వ్యాన్ వచ్చి ఆగింది. ఆయన బంతుల సంచీ భుజాన వేసుకుని, రెండో చేత్తో ప్లాస్టిక్ కోన్లు పట్టుకుని కంచె దాకా వచ్చి ఆగిపోయారు. నేను పరుగెత్తుకెళ్ళాను. ఆయన మైదానం వంక చూశారు, నా మొహం చూశారు. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఇవి క్లబ్బువి," అని సంచీ, కోన్లు నా చేతికిచ్చారు. "తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను. వెనక్కి తిరిగి వ్యానెక్కారు. దూరం నుంచి కెప్టెన్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, ఆయన చూడలేదో, చూడలేకపోయారో. ఒక్క మాటైనా పలకరించకుండా వెళ్ళిపోయారని ఆ రోజే కుర్రాళ్ళు నొచ్చుకున్నారు. నిజం చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. కోన్లు పట్టుకుని నిలబడ్డాను.

ఆ ఏడాది వరసగా ఓడి మళ్ళీ కిందికి దిగిపోయాం. కొత్త కోచ్ మధ్యలోనే మానేశాడు. ఓడిన జట్టుకి ఎవరినో ఒకరిని అనడం కావాలి. పైకెక్కించి వదిలేసి పోయాడని ఆయన్నే అన్నారు. నేను చదువు ముగించి, ఉద్యోగంలో పడి, ఆ మాటని దాని దారిన పోనిచ్చాను. ఆయన పెండిల్ హిల్ కొట్లలో ఎప్పుడైనా ఎదురుపడితే ఉద్యోగమెలా ఉంది, అమ్మానాన్నా కులాసాయేనా అని అడిగేవారు. ఫుట్‌బాల్ ఊసు మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయనకి కోపం లేదని నేను నమ్మాను, ఆ నమ్మకం నాకు సుఖంగా ఉండేది.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. కొన్ని రోజులయ్యాక ఆంటీని చూడ్డానికి మళ్ళీ వెళితే మాటల్లో చెప్పింది. చాలా ఏళ్ళ కిందట కెప్టెన్ వాళ్ళింటికొచ్చి, మమ్మల్ని ఎందుకొదిలేశారని నిలదీశాడట. మోకాళ్ళ నొప్పులు, బేటా, ఇంక నావల్ల కాలేదు అన్నారట అంకుల్. అతను వెళ్ళాక, నిజం చెప్పొచ్చు కదా అని ఆంటీ కోప్పడిందట. "ఆయన ఏమన్నారో తెలుసా? ఆ తెలుగు పిల్లాడు వాళ్ళతో ఇంకోలా చెప్పుంటాడు, నేను ఇప్పుడు మాట మారిస్తే వాడు అబద్ధాలకోరు అయిపోతాడు, అన్నారు." ఆవిడ నన్ను దెప్పడానికి చెప్పలేదు. టీలో పంచదార సరిపోయిందా అని కూడా అదే గొంతుతో అడిగింది.

అది విన్నాక కూడా రెండేళ్ళు ఊరుకున్నాను. ఉల్లిపాయ తరుగుతున్న ఆ సాయంత్రం మాత్రం ఊరుకోలేకపోయాను. మా అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చాక కూర్చోబెట్టి అంతా చెప్పాను. "యు హావ్ టు టెల్ దెమ్, డాడ్," అని మాత్రం అంది. మర్నాడు పెర్త్‌లో ఉన్న కెప్టెన్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. పదేళ్ళ పాటు అంకుల్ ఎదురైతే రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయేవాడినని చివరికి చెప్పాడు. ఆయన పోయిన సంగతి అతనికి అప్పట్లోనే తెలిసిందట, అయినా రాలేదట. "ఐ వుడ్ హావ్ కమ్, మేట్," అని ఫోన్ పెట్టేశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు రోజులు మారాయి. మొన్న మా అమ్మాయి జట్టుకి కోచ్ మారాడు. పాత కోచ్‌ని ముందుగానే కూర్చోబెట్టి సూటిగా చెప్పారట, ఆటగాళ్ళందరికీ మెసేజ్ పెట్టారట, ఆఖరి రోజు కేకు కోసి ఫోటోలు తీసుకున్నారట. ఎవరికీ కన్నీళ్ళు లేవు, అపోహలు లేవు. ఇదే సరైన పద్ధతి, ఆ రోజు నాకు ఇంత మాత్రం చేతనై ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. అయితే ఆ కోచ్ ఇల్లెక్కడని అడిగితే మా అమ్మాయి తెల్లబోయి చూసింది. కోచ్ ఇంటికి ఎవరైనా ఎందుకు వెళతారని దాని అనుమానం. మాకు అంకుల్ ఇల్లు తెలుసు. జట్టులో ఆ ఇంట అన్నం తినని కుర్రాడు లేడు. ఆయన పోయిన రోజు ఆ గేటు దగ్గర మా జట్టు నుంచి నిలబడినవాడిని నేనొక్కణ్ణే.