నల్లా కింద ఖాళీ బకెట్

మొన్న పొద్దున తార్నాకలోని మా ఫ్లాట్‌లో వాషింగ్ మెషిన్ వెనక నుంచి తడిసిన గోడ వాసన వచ్చింది. సున్నం, తుప్పు, కాస్త సబ్బు కలిసిన వాసన. నీళ్ల పైపు మెడ దగ్గర సన్నగా పగిలి, నేను గమనించేలోపే కింది ఫ్లాట్ వాళ్ల కప్పు దాకా చెమ్మ దిగింది. మెకానిక్ వచ్చి, "పైప్ పాతదైంది మేడమ్, బదల్ చేస్త. మిషిన్ నడవనప్పుడు నల్లా బంద్ పెట్టుండ్రి," అన్నాడు. చెప్పింది ఎవరికనుకున్నారు? గీజర్ స్విచ్ కట్టేశానా లేదా అని సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చే మనిషికి! ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి తాళం వేసే ముందు ఇంట్లో ప్రతి నల్లానూ తిప్పి చూస్తాను, మెషిన్ వెనక చేయి దూరని ఆ ఒక్కదాన్ని తప్ప. పక్కింటివాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఈ చాదస్తం నాకు పదేళ్ల వయసులో పట్టుకుంది.

నాన్న యూనివర్సిటీలో ల్యాబ్ అటెండరు. క్యాంపస్‌లో వరుసగా కట్టిన రెండంతస్తుల క్వార్టర్స్‌లో మాది పై ఇల్లు. ఎండాకాలం వస్తే హాస్టళ్లు ఖాళీ అయి, మెస్సుల పోపు వాసన ఆగిపోయి, కాలే బండరాళ్ల మీదుగా ఎండుగడ్డి వాసన మోసుకొచ్చే వడగాలి ఒక్కటే మిగిలేది. నా ఈడు పిల్లలంతా సెలవులకు ఊళ్లకు పోతే, తోడబుట్టినవాళ్లు లేని నేను మెట్ల మీద కూర్చుని నా కుడిచేతితో నా ఎడమచేతికి పోటీ పెట్టి చింతగింజలాట ఆడుకునేదాన్ని. రెండు చేతుల్లో ఏది గెలిచినా పెద్ద సంతోషమేమీ ఉండేది కాదు.

నీళ్లు మధ్యాహ్నం పూట ఏదో ఒక గంట వచ్చేవి. ఆ గంట ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు. అందుకని ఇంటింటా నల్లా విప్పి, కింద ఖాళీ రేకు బకెట్ పెట్టి, ఎవరి పని వాళ్లు చూసుకునేవారు. ముందు నల్లా గాలి మింగి దగ్గేది, తర్వాత ధార రేకు మీద టపటపా పడేది, అలా వరసంతా బకెట్లు మోగుతుంటే కునుకు తీస్తున్న ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ పరుగెత్తేవారు.

మా కింది ఇంట్లో సుబ్బలక్ష్మి అత్తమ్మ ఉండేది. వాళ్లది గోదావరి వైపు, అమ్మది నల్లగొండ పక్క పల్లె. అయినా ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవారు. ఉగాదికి అమ్మ చేసిన భక్ష్యాలు కిందికి దిగితే, ఆమె కలిపిన పులిహోర పైకి ఎక్కేది. నాన్నతో పొడిపొడిగా మాట్లాడే అమ్మ, సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుంటే నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఈ నగరంలో అమ్మకు ఉన్న ఒక్క స్నేహం అది. మా వరసలో మొదటి ఫ్రిజ్ వచ్చింది కూడా అత్తమ్మ ఇంటికే. నిమ్మరసం పోసి గడ్డ కట్టించి ఆమె పెట్టే ఐసుముక్కల కోసం నేను రోజూ దిగేదాన్ని.

ఆ రోజు అమ్మ ఆవకాయకు మామిడికాయలు తేవడానికి సీతాఫల్‌మండి బయల్దేరింది. "నల్లా బంద్ చేసిన. నేనొచ్చేదాక ముట్టకు," అని చెప్పి మరీ వెళ్లింది. తను వచ్చేసరికి నీళ్లన్నీ పట్టి ఉంచితే మెచ్చుకుంటుందని నేను నల్లా విప్పి, బకెట్ పెట్టి, ఐసు కోసం కిందికి పోయాను. అత్తమ్మ ఇంట్లో కూలర్ హోరుకి బకెట్ మోత వినబడలేదు. పైన నీళ్లు పొంగి, నేల పగుళ్లలోంచి దిగి, గోడ వెంట ఫ్రిజ్ ప్లగ్గు దాకా చేరాయి. ఆ ప్లగ్గుకు ఎర్త్ తీగే కలపలేదని తర్వాత తెలిసింది. నాకు రెండో ముక్క తీద్దామని అత్తమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. పట్టుకోగానే విసిరేసినట్టు వెనక్కి పడింది. ప్రాణం దక్కింది కానీ మణికట్టు విరిగింది.

సాయంత్రం మా నాన్న, అత్తమ్మ భర్త, వరసలోని వాళ్లంతా మా ఇంట్లో నిలబడ్డారు. "నల్లా ఎవరు ఇడిచిపెట్టిన్రు?" అని నాన్న అడిగాడు. అమ్మ, అన్నాను. చేతిలో మామిడికాయల సంచీతోనే అమ్మ నా వైపు చూసింది. "అవు, నేనే. మర్చిపోయిన," అంది.

అంతే, రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. అమ్మ మళ్లీ ఎన్నడూ ఖాళీ బకెట్‌ను నమ్మలేదు. రోజూ మధ్యాహ్నం పీట వేసుకుని, మూసిన నల్లా పక్కనే కూర్చుని, దాన్ని గంటగంటకూ తిప్పి చూస్తూ గోడకేసి చూస్తుండేది. ఇదివరకు అత్తమ్మతో కలిసి పిండి విసరడానికి దిగే మనిషి, కింద నుంచి తిరగలి చప్పుడు వినిపించినా లేచేది కాదు. రెండేళ్లకు అత్తమ్మ వాళ్లు మల్కాజ్‌గిరి వెళ్లిపోయారు. ఆ తర్వాత అమ్మ ఎవరి గడపా ఎక్కలేదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది.

పైపు బాగైన మర్నాడు ఎవరినో అడిగి అడ్రసు పట్టుకుని మల్కాజ్‌గిరి పోయాను. ఎనభై దాటిన అత్తమ్మ వంకర తిరిగిన మణికట్టుతో నా చెంప తడిమింది. ఆ నల్లా విప్పింది నేనని చెప్పేశాను.

"తెలుసే రమా. 'నల్లా ఇప్పి వచ్చిన అత్తమ్మా, నీళ్లొస్తే బకెట్ మోగుతది' అని ఐసుముక్క నోట్లో పెట్టుకుని నువ్వే చెప్పావు."

"మరి అమ్మతో ఎందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడితే నీ సంగతే రావాలి కదా. మా ఆయన కోపం నీకు తెలీదు. మీ అమ్మ తన మీదేసుకున్నదాన్ని నేను తీసి నీ మీద పెట్టనా? తనొస్తే బాగుణ్ణనుకునేదాన్ని. తనూ నేను పిలవాలని చూసే ఉంటుంది."

వచ్చేటప్పుడు క్యాంపస్‌లో దిగాను. క్వార్టర్స్ పోయాయి, ఆ చోట నాకు తెలియని భవనమేదో ఉంది. ఇప్పుడు ట్యాంకుల్లో నీళ్లు, ఎప్పుడు తిప్పినా వస్తాయి. మధ్యాహ్నం పూట చెవులు రిక్కించి కూర్చునే ఆడవాళ్లు లేరు. నిజం చెప్పి ఉంటే ఆ రోజు నా వీపు మీద రెండు దెబ్బలు పడేవి, అవి తెల్లారేసరికి తగ్గిపోయేవి. ఆ రెండు దెబ్బలు నాకు తప్పించడానికి అమ్మ తనకున్న ఒక్క మనిషినీ వదులుకుంది. నేను అడగకుండానే వదులుకుంది.