బాలింత గదికి ఎండ మోసిన రోజులు

మా పుట్టింట్లో ఎండుమిరపకాయలకు దక్కినంత ఎండ బాలింతకు దక్కేది కాదు. వాకిట్లో వడ్లు, నులకమంచం మీద వడియాలు, దండెం మీద బిడ్డ గుడ్డలు, అరుగు మీద మా తాత. అందరికీ ఎండ ఉండేది. ఎండకు పోకూడనిది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

అరవై ఒకటో, అరవై రెండో, సంవత్సరం సరిగ్గా గుర్తు లేదు. చలికాలంలో నాకు తొలికాన్పు అయింది. ఆడపిల్ల. మా ఊరు ముత్తుకూరుకు నాలుగు మైళ్ళు. ఊళ్ళోంచి సముద్రం కనపడదు గానీ దాని గాలి వస్తుంది. ఆ గాలి బాలింత చెవిలో దూరిందంటే ఇక ఆ మనిషి పనికిరాదని మా అవ్వ నమ్మకం. అవ్వంటే మా నాయన తల్లి, ఆ ఇంటికి సర్వాధికారి. అందుకని నా చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీకి గోనెపట్టా, మంచం కింద కుంపటి. అంతకుముందు మాత్రం నేనేమన్నా ఊరేగానా? పెళ్ళయిన రెండేళ్ళూ అత్తగారింట్లో వాకిలి దాటింది లేదు. ఎక్కడికన్నా పోవాలంటే తెర కట్టిన బండి. పెద్ద రైతుల ఇంటి కోడలికి ఎండ తగిలితే పరువు పోతుందట.

రెండో నెలకు నా తుంటి ఎముకలు సలపడం మొదలుపెట్టాయి. కూర్చుంటే లేవలేను. లేచినా గోడ పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ నడవాలి. ఒకరోజు బిడ్డ కింద చాప మీద ఏడుస్తోంది. వంగబోయాను, వంగలేకపోయాను. గోడకు ఆనుకుని బిడ్డను చూస్తూ, "అమ్మా, అమ్మా" అని నేనూ ఏడ్చాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తి నా చేతికిచ్చింది. కన్నబిడ్డను ఒకరు అందిస్తే తీసుకోవాల్సిన బతుకు అయిందే అని ఆ రోజు నాకు కలిగిన భయం ఇంతా అంతా కాదు.

అవ్వకు మాత్రం భయం లేదు సరికదా, సంతోషం.

"మన ఇంటి ఆడోళ్ళకు కాన్పు కాంగానే ఈ నడక వస్తాది మే. నాకొచ్చినాది, మీ మేనత్తకొచ్చినాది. పెద్దింటి నడక ఇది!"

అబద్ధం కాదు. తన పుట్టింట్లో కాన్పులు చేసుకున్న అమ్మ తప్ప, మా ఇంటి ఆడవాళ్ళంతా బాతుల్లా ఊగుతూ నడిచేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళు అర మైలు దూరం నుంచే నడక చూసి, ఫలానా ఇంటావిడ వస్తోందని పక్కకు తప్పుకునేవాళ్ళు. నా కాన్పయిన వారంలోనే కాన్పయిన మా కూలి మనిషి ఒకామె, గడ్డిమోపు నెత్తిన, బిడ్డ చంకన పెట్టుకుని నా గది గుమ్మం ముందు నుంచి నిటారుగా పోయేది. నేను ఆమె కాళ్ళకేసి చూసేదాన్ని, ఆమె నా కంచంకేసి చూసేది. అదేంది అవ్వా, ఆమె అట్టా నడుస్తుందే అని అడిగితే, "వాళ్ళ ఎముకలు వేరు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నెల్లూరు నుంచి పదిహేను రోజులకొకసారి బస్సులో ఒక నర్సమ్మ వచ్చేది. కాఫీ ఇచ్చినా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని గానీ తాగని మనిషి. నా నడక చూసి, ఎముకలు నొక్కి చూసి, అవ్వతో చెప్పింది.

"ఒంట్లో డి విటమిను లేదు పెద్దమ్మా. ఎముకల్లో సున్నం నిలబడాలంటే అది ఉండాల."

"సున్నానికేం తక్కువ? మూడు పూటలా తాంబూలంలో పెడుతుండాం గదా!"

"సున్నం ఒకటే చాలదు. ఎండ తగిలితేనే ఆ విటమిను తయారవుద్ది. రోజూ పొద్దున కాసేపు ఈ బాలింతను ఎండలో కూర్చోబెట్టండి."

అవ్వ ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఎండ అంత మంచిదయితే నీ చేతిలో ఆ గొడుగెందుకు?"

"నేను దినమంతా ఎండలోనే తిరుగుతుండా. నా వంతు అయిపోయింది" అంది నర్సమ్మ నవ్వుతూ. పోతూ పోతూ ఒక సీసా చేపనూనె ఇచ్చింది. అవ్వ దాన్ని వాసన చూసి ముక్కు మూసుకుని, రెండు చుక్కలు తలుపు బందుకు పోసింది. తలుపు కిర్రుమనడం మానేసింది. నూనె మంచిదేనని, తలుపులకు పనికొస్తుందని తీర్పు చెప్పి గూట్లో పెట్టింది. అమ్మ మాత్రం అవ్వ స్నానానికి పోయినప్పుడల్లా దొంగతనంగా నాకొక గరిటెడు తాగించేది.

ఎండ సంగతి ఇంకా తేలలేదు. రెండు రోజులు ఆలోచించి అవ్వ ఒక దారి కనిపెట్టింది. బాలింత ఎండకు పోకూడదు, అది పెద్దల మాట. కానీ ఎండ బాలింత దగ్గరికి రాకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు కదా!

మర్నాటి నుంచి మా ఇంట్లో ఎండ మోత మొదలైంది. దళసరి దుప్పటి ఒకటి పొద్దున్నే గడ్డివామి మీద పరిచేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం అమ్మ దాన్ని గబగబా మడిచి, లోపలి ఎండ జారిపోకుండా గుండెలకు హత్తుకుని పరిగెత్తుకొచ్చి నాకు చుట్టేది. వెనకాలే అవ్వ, "బిగించి మడువు మే, సగం దారిలోనే పోతుండాది" అని అదిలిస్తూ ఊగుకుంటూ వచ్చేది. మబ్బు పట్టిన రోజు దుప్పటి తడిమి చూసి, "ఈ పొద్దు పలచన" అని పెదవి విరిచి రెండు చుట్లు ఎక్కువ చుట్టించేది. నల్ల దుప్పటయితే ఎండ ఎక్కువ తాగుతుందని పక్కింటి ఆమె సలహా ఇస్తే దాన్నీ తెప్పించారు. నేను ఉడికిపోయాను తప్ప ఎముకల నొప్పి తగ్గలేదు.

నర్సమ్మ మళ్ళీ వచ్చి నన్ను ఆ చుట్టలో చూసింది. ముందు నవ్వలేక గడప మీద కూలబడింది, తర్వాత కోపమొచ్చింది. "దుప్పటికి కాదు పెద్దమ్మా, ఒంటికి తగలాల. నేరుగా!"

నేరుగా అన్నారు కదా అని అవ్వ మా గది పైకప్పు మీద నాలుగు పెంకులు తీయించింది. చేటంత ఎండ గదిలో పడింది. కానీ ఎండ ఒకచోట నిలబడదు. అది జరిగిన కొద్దీ నా మంచం లాగేవాళ్ళు. పొద్దున పడమటి గోడ దగ్గర బయలుదేరిన నేను మధ్యాహ్నానికి గది నడుమకు, సాయంత్రానికి తూర్పు గోడకు చేరేదాన్ని. పది అడుగుల గదిలో అంత ప్రయాణం ఎవరూ చేసి ఉండరు. అది కూడా మూడు రోజులే. నాలుగో రోజు ఆ కంతలోంచి సముద్రపు గాలి వస్తోందని కనిపెట్టి, అవ్వ దానికి గోనెపట్టా కప్పించింది. కప్పిన తర్వాత కూడా, నర్సమ్మ చెప్పింది కదా అని, మంచం మాత్రం వేళకు లాగుతూనే ఉన్నారు.

ఆ చీకట్లో మంచం లాగుతుంటే బిడ్డ పక్క మీంచి జారి చాప మీద పడింది. దెబ్బ తగల్లేదు. కానీ మళ్ళీ నేను వంగలేకపోయాను. నాకెక్కడలేని కోపం వచ్చింది. చెవుల్లో దూది పీకి పారేశాను, తలగుడ్డ విప్పేశాను. గోడలు పట్టుకుని, ఊగుతూ, వాకిట్లోకి పోయి మిరపకాయల పక్కన చతికిలబడ్డాను.

అవ్వ గుండెలు బాదుకుంది. "ఇంటి పరువు తీసినావు గదే! రేపు నీకు గాలి సోకితే ఎవురు చూసేది?"

"నువ్వే చూద్దువులే అవ్వా. ఇప్పుడు గమ్మునుండు" అన్నాను. ఆ ఇంట్లో అవ్వను గమ్మునుండమన్న మొదటి మనిషిని నేనే. ఆమె నాతో వారం మాట్లాడలేదు.

రోజూ అక్కడే కూర్చున్నాను. ఎండవల్లనో, అమ్మ తాగించిన దొంగనూనె వల్లనో చెప్పలేను గానీ, రెండున్నర నెలలకు ఒక పొద్దున బిడ్డ చాప మీద ఏడిస్తే వంగి ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక గానీ ఎత్తుకున్నానని తెలియలేదు. మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తుకున్నాను. బిడ్డకు విసుగొచ్చి ఇంకా ఏడ్చింది.

ఆ వారం వచ్చిన నర్సమ్మ నన్ను నడిపించి చూసి తల ఊపింది. కాఫీ తెస్తున్న అవ్వ నడకను కూడా చూసింది.

"మీ నడక కూడా అదే జబ్బు పెద్దమ్మా. ఇంటి వరస కాదు."

అవ్వ కాఫీ గ్లాసు ఆమె చేతికిచ్చి లోపలికి పోయింది. ఆమె ఏడు కాన్పులూ నేనున్న ఆ గదిలోనే అయ్యాయి.

మర్నాడు నేను వాకిట్లో కూర్చుని ఉంటే వచ్చి నా పక్కన కూర్చుంది. చీర మోకాళ్ళ దాకా జరుపుకుని కాళ్ళు చాపింది. ఆమె కాళ్ళు అంతకుముందు నేను చూడలేదు. విల్లులా వంగిపోయి ఉన్నాయి. మెల్లగా అడిగింది.

"ఇప్పుడు కూర్చుంటే నాక్కూడా తిన్నని నడక వస్తాదా మే?"

ఆమె మీద నాకున్న కోపం ఏమైందో నాకు తెలియదు. "వస్తుందవ్వా" అన్నాను.

సరేనని, నీడలో ఉన్న రెండో కాలిని కూడా చేత్తో పట్టుకుని ఎండలోకి జరుపుకుంది.