ఏడ కూసున్నవ్?

ఎయిర్‌పోర్టు కార్గోలో వచ్చే సరుకు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చెప్పడం మా పని. కరోనా అప్పుడు ఆ పని ఇంటినుంచే చేయమన్నారు. మా సూపర్‌వైజరక్క రోజూ పొద్దున ఫోన్ చేసి ముందు ఒకటే అడిగేది: "ఏడ కూసున్నవ్?"

"రూములనే అక్కా" అని అబద్ధమాడేదాన్ని. మా ఇంట్లో సిగ్నల్ అందేది బర్రెల కొట్టంలోనే. దాణా బస్తా మీద కూర్చుని, బర్రె అరిస్తే నౌకరీ పోతుందేమోనని హడలిపోతూ మాట్లాడేదాన్ని.

ఒకరోజు అరిచింది. అక్క లైన్లోనే ఉంది.

సాయంత్రం అక్క ఆరాంఘర్‌లోని తన ఇంటినుంచి స్కూటీ మీద వచ్చింది. నౌకరీలోంచి తీసేయడానికే వచ్చిందనుకున్నాను. ఆమె స్కూటీ వెనక కట్టుకొచ్చిన పాత కుర్చీని విప్పి, కొట్టంలో సిగ్నల్ ఉన్నచోటే వేసింది.

"నడుం నొస్తే మాట సక్కగ రాదు. ఈడ కూసో. బర్రె అరిస్తే అరవనియ్."

నెల తర్వాతగానీ ఆ మాట ఫోన్లో అడగాలని నాకు తోచలేదు. "మరి నువ్వేడ కూసుంటున్నవక్కా?"



"మెట్ల మీద. మా ఇంట్ల కుర్చీ అదొక్కటే ఉండె."

గబుక్కున లేచాను. కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

"కూసో" అంది.