బానమ్మ తెడ్డు

మా అత్తకు సబ్బుల షెడ్డులో బానమ్మ అని పేరు. పాతికేళ్ళుగా సబ్బు ఉడికే పెద్ద బాన దగ్గర ఆమె తప్ప మరొకరు తెడ్డు పట్టింది లేదు. నేను పొట్లాలు కట్టే బల్ల దగ్గర కూర్చుంటాను. ఇంట్లో నా వంటకు ఆమె వంక పెడుతుంది, ఆమె వంటకు నేను పెడతాను. సబ్బు విషయంలో మాత్రం ఎదురు చెప్పను. చెప్పేంత తెలివితక్కువదాన్ని కాను.

ఆ సోమవారం బాన చెడింది. ఎంత ఉడికినా పైన నూనె పసుపుగా తేలుతూనే ఉంది. యజమాని ఒక చెంచాడు చల్లార్చి నాలుకకు తాకించుకున్నాడు. చురుక్కుమన్నట్టుంది, మూతి ముడుచుకుని పక్కకు ఉమ్మేశాడు. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా మిగిలిపోతే నాలుక అలాగే మండుతుంది.

"కాస్టిక్ ఎక్కువేశావు బానమ్మా. వయసైపోయింది, చూపు ఆనడం లేదు. రేపట్నుంచి పొట్లాలు కట్టు. తెడ్డు నీ కోడలికిచ్చేయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తాకోడళ్ళ మధ్య పుల్లలు పెట్టి తమాషా చూద్దామనా!

"నాకొద్దండీ. ఆవిడ దగ్గర లాక్కున్న తెడ్డు నాకెందుకు?" అనేశాను.

అత్త నావైపు చూడను కూడా లేదు. తెడ్డును బాన అంచుకు ఆనించి, చేతులు తుడుచుకుంది.

"అయ్యగారూ, కాస్టిక్ ఎక్కువైతే నూనెనంతా తినేస్తుంది, చుక్క మిగలదు. తక్కువైతే నూనె మిగులుద్ది గానీ నాలుక మండదు. ఇక్కడేమో నాలుక మండుతూనే ఉంది, నూనె తేలుతూనే ఉంది. రెండూ ఒకేసారి ఎలా అవుతాయో చెప్పండి. చెబితే ఇప్పుడే పొట్లాల బల్ల దగ్గర కూర్చుంటా."

ఆయన బానలోకి తొంగిచూశాడు. "సరిగ్గా ఉడకలేదేమో."

"పొద్దున ఆరింటి నుంచీ ఉడుకుతోంది! మీరు తెప్పించిన కొత్త డ్రమ్ముల్లో ఉన్నదంతా సబ్బయ్యే నూనె కాదు. మిషన్ నూనె కలిపారు."

ఆ డ్రమ్ములు పంపింది ఆయన సొంత బావమరిది.

అత్త చదివింది ఐదో తరగతి. అయితే ఒకప్పుడు ఇక్కడ పనిచేసిన కెమిస్టు ఆమెకు ఓపిగ్గా అంతా చెప్పాడు, ఆమె నాకు చెప్పింది. నూనె అయినా, గడ్డకట్టిన కొవ్వయినా లోపల ఒకటే కట్టడం. చిన్న కొయ్యకు ముడేసిన మూడు పొడుగాటి తాళ్ళు అనుకోండి. కొయ్య గ్లిజరిన్, తాళ్ళు కొవ్వు ఆమ్లాలు. తాళ్ళు తిన్నగా ఉంటే దగ్గరగా సర్దుకుని గడ్డకడతాయి, వంకర్లుంటే నూనెగా పారతాయి. కాస్టిక్ ఆ ముడులు విప్పేస్తుంది. విడిపోయిన తాళ్ళు కాస్టిక్‌లోని సోడియాన్ని తగిలించుకుని సబ్బవుతాయి, గ్లిజరిన్ వేరుపడుతుంది. మిషన్ నూనెలో కొయ్యా లేదు, ముడీ లేదు. కాస్టిక్‌కు అక్కడ పనేముంది? అదీ మిగిలిపోతుంది, ఆ నూనె కూడా మిగిలిపోతుంది.

"రెండు గిన్నెలు పట్టుకురావే," అంది నాతో.

ఒకదాంట్లో పాత డ్రమ్ము అడుగున మిగిలిన నూనె, ఇంకోదాంట్లో కొత్తది. తూకం ఒకటే, కాస్టిక్ ఒకటే, మంట ఒకటే. మధ్యాహ్నం దాకా యజమానిని అక్కడే నిలబెట్టింది, కుర్చీ కూడా వేయనివ్వలేదు. పాత నూనె చిక్కబడి ముద్దయింది. ఒక ముక్క వేడినీళ్ళలో వేస్తే ఇట్టే కరిగిపోయింది. కొత్తది వేస్తే నీళ్ళ మీద నూనె చుక్కలు తేలాయి.

"ఇప్పుడు నాలుక పెట్టండి. రెండిటికీ."

మొదటిదానికి ఆయన ముఖం మారలేదు. రెండోదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు నవ్వాగక చెంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన గొంతు తగ్గించాడు. "సర్లే, ఈసారికి అచ్చులు పోసేద్దాం. కాస్త సెంటు కలిపితే ఎవరికి తెలుస్తుంది?"

"చంటిపిల్లల ఒంటికి రుద్దుతారయ్యగారూ! చచ్చినా పొయ్యను. ఆ డ్రమ్ములు ఇక్కణ్ణుంచి కదిలేదాకా పొయ్యి వెలిగించను. నా కోడలు కూడా వెలిగించదు."

నన్నడక్కుండానే నా తరఫున చెప్పేసింది! అయినా నాకెంత గర్వంగా అనిపించిందో.

"మా ఆవిడకేం చెప్పను?"

"బావమరిదిని మార్చమనట్లేదు. నూనె మార్చమంటున్నా."

మూడు రోజులు పొయ్యి చల్లగా ఉంది. ఆ మూడు రోజులూ మేమిద్దరం షెడ్డుకొచ్చి, బాన పక్కనే కూర్చుని వెళ్ళాం. నాలుగోరోజు డ్రమ్ములు లారీ ఎక్కాయి. తప్పయిందని ఆయన అనలేదు, అంటాడని మేమూ అనుకోలేదు.

మంచి నూనె బానలో వేడెక్కాక అత్త నన్ను కేకేసి, తెడ్డు నా చేతిలో పెట్టింది.

"ఆయనిస్తే వద్దన్నావుగా. ఇప్పుడు నేనిస్తున్నా, పట్టు. ఎవడొచ్చి ఏమన్నా ముందు నాలుకతో చూడు, ఆ తర్వాతే తలూపు. అడుగంటిందో, నీ పని చెప్తా!"